ముందు కాల్చింది ఎవరు?

స్టార్ వార్స్ ఒక్కటి కూడా చూడనివాళ్ళు మన సాఫ్ట్‌వేర్ జనాల్లో చాలామందే ఉన్నారు. కానీ "హాన్ ముందు కాల్చాడు" అన్న ముక్క ఏ టీ-షర్టు మీదో, పక్క క్యూబులో కూర్చునే అమెరికా వాడి కాఫీ కప్పు మీదో చూసే ఉంటారు. మూడంటే మూడు మాటలు. వీటి మీద 1997 నుంచి ఇప్పటిదాకా గొడవ నడుస్తూనే ఉంది. పైకి కుర్రకారు తగువులా కనిపిస్తుంది గానీ, లోపలికి వెళ్తే కథ వేరే. ఒక సినిమా ఒకసారి జనంలోకి వెళ్ళాక దాని పాత రూపాన్ని మాయం చేసే హక్కు, తీసినవాడికైనా ఉందా అన్నదే అసలు పేచీ.

తెలియనివాళ్ళ కోసం ముందు ఆ సీను చెప్తాను. మొదటి స్టార్ వార్స్ 1977 మే 25న అమెరికాలో విడుదలైంది. అందులో మాస్ ఐస్లీ అని దొంగలూ దగుల్బాజీలూ తిరిగే ఊరొకటి, ఆ ఊళ్ళో ఓ బారు. హాన్ సోలో (హారిసన్ ఫోర్డ్) ఒక స్మగ్లరు, జబ్బా అనే దాదాకి బాకీ పడి ఉంటాడు. ఆ బాకీ పేరు చెప్పి గ్రీడో అనే పచ్చతోలు శాల్తీ తుపాకి గురిపెట్టి మనవాణ్ణి కూర్చోబెడతాడు. హాన్ వాణ్ణి మాటల్లో పెట్టి, ఒక చేత్తో తీరిగ్గా గోడ గీకుతూ, రెండో చేత్తో బల్ల కింద తన తుపాకి తీసి కాల్చి పారేస్తాడు. గ్రీడో ఒక్కసారి కూడా పేల్చడు. హాన్ లేచి, గలీజు చేసినందుకు క్షమించమని బారు వాడికో నాణెం విసిరి వెళ్ళిపోతాడు. అంతే సీను.

1997లో, సినిమాకి ఇరవయ్యేళ్ళు నిండిన సందర్భంగా, జార్జ్ లూకస్ మూడు పాత సినిమాలనీ "స్పెషల్ ఎడిషన్" పేరుతో మళ్ళీ థియేటర్లలో వదిలాడు. అందులో ముందు గ్రీడో కాలుస్తాడు. బల్లకి ఇటు చివర నుంచి అటు చివరకి కాల్చి, గురి తప్పుతాడు! ఆ గుండు తగలకుండా హాన్ తల కంప్యూటర్లో పక్కకి జరిపారు. ఆ తర్వాత హాన్ కాలుస్తాడు. అంటే హత్య కాస్తా ఆత్మరక్షణ అయిపోయిందన్నమాట.

ఒక్క క్షణం మార్పుకి ఇంత రాద్ధాంతం ఎందుకంటారా? హాన్ పాత్రకున్న ప్రయాణమంతా అక్కడే మొదలవుతుంది కాబట్టి. తన డబ్బు, తన ప్రాణం తప్ప ఇంకోటి పట్టనివాడు, చివర్లో డెత్ స్టార్ మీద దాడి జరుగుతుంటే వెనక్కి తిరిగొచ్చి ల్యూక్‌ని కాపాడతాడు. ఆ రాకకి థియేటర్లో ఈలలు పడ్డాయంటే మొదట్లో వాడెలాంటివాడో చూశాం కనక. మొదటి నుంచీ బుద్ధిమంతుడే అయితే తిరిగి రావడంలో గొప్పేముంది? లూకస్ మాత్రం తన హీరో కావాలని ముందు కాల్చే రకం కాకూడదన్నాడు. 2012లో ఒక ఇంటర్వ్యూలో అయితే, అసలు ఎప్పుడూ ముందు కాల్చింది గ్రీడోయేనని, 1977లో తీసిన పద్ధతి వల్ల జనం పొరబడ్డారని చెప్పుకొచ్చాడు. ఈ మాట నాకు మింగుడు పడదు. పాత సీను ఎన్నిసార్లు చూసినా అందులో ఒక్క తుపాకే పేలుతుంది. విచిత్రం ఏంటంటే "హాన్ ముందు కాల్చాడు" టీ-షర్టు వేసుకుని ఆ లూకసే ఒకసారి ఫోటోలకి దొరికాడు.

సరే, అభిమానుల వైపు కూడా ఒక లొసుగు ఉంది. "ఒరిజినల్" అని వీళ్ళు గుండెలు బాదుకునేది ఏ ఒరిజినల్ గురించి? 1977లోనే ఈ సినిమాకి సౌండ్ మిక్సులు వేర్వేరుగా ఉన్నాయి. పెద్ద థియేటర్లకి ఒకటి, మామూలు స్టీరియోకి ఒకటి, స్టీరియో లేని హాళ్ళకి మోనో ఒకటి. మోనోలో వినిపించే కొన్ని మాటలు మిగతావాటిలో లేవు, కొన్ని గొంతులే వేరు. ఇక మొదట్లో పైకి పాకే పసుపుపచ్చ అక్షరాల్లో "ఎపిసోడ్ 4 – ఎ న్యూ హోప్" అన్న శీర్షిక 1977లో లేదు. 1981లో మళ్ళీ విడుదల చేసినప్పుడు చేర్చారు. దానికి ఎవరూ ధర్నాలు చేయలేదు. పైగా చాలామంది అది మొదటి నుంచీ ఉందనే అనుకుంటారు. కాబట్టి లూకస్‌కి ముట్టుకునే అలవాటు 1997లో పుట్టింది కాదు, జనానికి కోపం మాత్రం అప్పుడే పుట్టింది.

ఆయన బాధా అర్థం చేసుకోదగ్గదే. కోటి పది లక్షల డాలర్ల బడ్జెట్టు, నెత్తిమీద గడువు, అనుకున్నవాటిలో చాలా భాగం తెరమీదకి రాలేదు. మనలో ఎవరైనా డెడ్‌లైన్‌కి నానా తంటాలు పడి రిలీజ్ చేసిన కోడ్‌ని ఇరవయ్యేళ్ళ తర్వాత తెరిచి చూస్తే చేతులు ఊరుకుంటాయా? సినిమా ఎప్పటికీ పూర్తవదు, ఎక్కడో ఒకచోట వదిలేస్తామంతే అన్నది ఆయన వాదం. దానికితోడు 1999లో రాబోయే కొత్త సినిమాలకి కంప్యూటర్ గ్రాఫిక్స్ ఎంతవరకు పనికొస్తాయో చూసుకోవడానికి కూడా ఈ స్పెషల్ ఎడిషన్ ఉపయోగపడింది. జనం కూడా విరగబడి చూశారు. ఇరవయ్యేళ్ళ నాటి సినిమా అమెరికాలో 13 కోట్ల డాలర్లకు పైగా మళ్ళీ వసూలు చేసింది. మార్పులన్నీ చెత్త అని కూడా అనలేం. రెండో సినిమాలో క్లౌడ్ సిటీ గోడలకి కిటికీలు పెట్టి బయట ఆకాశం చూపించడం నాకైతే నచ్చింది.

కానీ జబ్బా సీను చూడండి. 1976లో డెక్లన్ మల్‌హాలండ్ అనే నటుడితో జబ్బాని మామూలు మనిషిగా తీసి, ఎడిటింగులో పీకేశారు. ఆ సీనులో చెప్పాల్సిన ముక్కలు గ్రీడో సీనులోకి వెళ్ళిపోయాయి. 1997లో ఆ పాత ముక్కని బయటికి తీసి, మనిషి స్థానంలో గ్రాఫిక్స్ జబ్బాని అతికించారు. 1983 సినిమాలో జబ్బా పెద్ద నత్తలాంటి జీవి, వెనకాల బారెడు తోక. 1976లో హారిసన్ ఫోర్డ్ ఆ నటుడి వెనకనుంచి నడిచాడు. ఇప్పుడు అక్కడ తోక ఉంది. ఏం చేస్తారు? ఫోర్డ్ బొమ్మని కంప్యూటర్లో కాస్త పైకి లేపి, తోక తొక్కినట్టు చూపించారు! కామెంట్ చేసి పక్కన పెట్టిన ఫంక్షన్‌ని మళ్ళీ పిలిచి, అది పగిలిపోతే పైన ప్యాచ్ వేసినట్టుంది. అయిదు నిమిషాల కిందట గ్రీడో చెప్పిన మాటలే జబ్బా మళ్ళీ చెప్తాడు. ఆ గ్రాఫిక్స్ కూడా ఎంత త్వరగా పాతబడ్డాయంటే, 2004 డీవీడీకి జబ్బాని మళ్ళీ కొత్తగా చేయాల్సి వచ్చింది. 1977లో ప్లాస్టిక్ ముక్కలు అంటించి చేసిన ఓడల మోడల్స్ మాత్రం ఇవాళ చూసినా చెక్కుచెదరలేదు.

ఇంతవరకు ఇది అభిరుచుల గొడవ. నచ్చినవాళ్ళు కొత్తది చూస్తారు, నచ్చనివాళ్ళు పాతది చూసుకుంటారు అనుకుంటే తీరిపోయేది. తీరకపోవడానికి కారణం, పాతది లేకుండా పోవడం.

90ల్లో తెరిచి చూస్తే 1977 నెగటివ్ మురికి పట్టి, కొన్ని భాగాల్లో రంగులు వెలిసి ఉంది. దాన్ని విప్పి, శుభ్రం చేసి, కొత్త షాట్లు కలిపి, ఆ నెగటివ్‌నే స్పెషల్ ఎడిషన్‌గా మార్చేశారు. ఒరిజినల్ నెగటివ్‌లు శాశ్వతంగా మారిపోయాయని 2006లో లూకస్‌ఫిల్మే చెప్పింది. మన భాషలో చెప్పాలంటే పాత రిలీజ్‌కి ట్యాగ్ పెట్టకుండా, బ్రాంచి తీయకుండా, నేరుగా ప్రొడక్షన్ కాపీ మీద దిద్దేశారు. 2004లో లూకస్ ఇంకా స్పష్టంగా చెప్పాడు: తనకి కావలసిన సినిమా స్పెషల్ ఎడిషనే, పాతది కావాలంటే వీహెచ్ఎస్ టేపుల మీద ఉంది, చూసుకోండి అని. 2006లో అభిమానుల పోరు పడలేక పాత సినిమాలని డీవీడీలో బోనస్ డిస్కుగా ఇచ్చారు. దేన్నుంచి తీశారు? 1993 నాటి లేజర్ డిస్క్ మాస్టర్ల నుంచి. వెడల్పు టీవీలో నాలుగు వైపులా నల్ల పట్టీలు, మధ్యలో చిన్న బొమ్మ. కంటితుడుపు అంటే ఇదే.

ఇప్పుడు అసలు ముక్కకి వస్తాను. 80ల్లో టెడ్ టర్నర్ పాత నలుపు-తెలుపు సినిమాలు కొని రంగులు అద్దించడం మొదలుపెడితే హాలీవుడ్ భగ్గుమంది. 1988 మార్చిలో అమెరికా కాంగ్రెస్ ముందు సాక్ష్యం చెప్పినవాళ్ళలో ఒకడు ఎవరనుకుంటున్నారు? సాక్షాత్తూ జార్జ్ లూకస్. డబ్బు కోసమో, అధికారం చూపించుకోడానికో కళాఖండాలని మార్చేవాళ్ళు అనాగరికులన్నాడు. రేపు టెక్నాలజీ పెరిగితే పాత నెగటివ్‌లు మాయమై, వాటి చోట మార్చిన నెగటివ్‌లు వచ్చి కూర్చుంటాయని, అది సమాజానికే నష్టమని హెచ్చరించాడు. తొమ్మిదేళ్ళు తిరక్కుండా జరిగింది అదే, చేసినవాడు ఆయనే.

ఆయన తరఫు వకాల్తా ఇలా ఉంటుంది: అప్పుడు మాట్లాడింది పరాయివాళ్ళు మార్చడం గురించి, ఇది సొంత సినిమా. వినడానికి సబబుగానే ఉంది. కానీ సినిమా ఒక్కడి సొంతమా? రెండోదానికి దర్శకుడు ఇర్విన్ కెర్ష్‌నర్, మూడోదానికి రిచర్డ్ మార్క్వాండ్. మార్క్వాండ్ 1987లోనే చనిపోయాడు. 1978లో స్టార్ వార్స్‌కి వచ్చిన ఆస్కార్లలో ఎడిటింగుది లూకస్‌కి కాదు, పాల్ హర్ష్, మార్సియా లూకస్, రిచర్డ్ చ్యూలకి. ఎఫెక్ట్స్‌ది జాన్ డైక్‌స్ట్రా తదితరులకి. బహుమతి వచ్చిన ఆ పనిలో కొంత కొత్త గ్రాఫిక్స్ కిందకి పోయింది. సెబాస్టియన్ షా అనే పెద్దాయన 1983లో అనకిన్ ఆత్మగా చివర్లో చిరునవ్వుతో నిలబడతాడు. ఆయన 1994లో పోయాడు. 2004 డీవీడీలో ఆయన్ని తీసేసి కుర్ర హేడెన్ క్రిస్టెన్‌సెన్‌ని నిలబెట్టారు. ఆ నటుణ్ణి అడిగే దారి కూడా లేదు. నాకు గ్రీడో కన్నా ఇదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

మనకీ ఇది బొత్తిగా కొత్త కాదు. 1957 నాటి మాయాబజార్‌కి రంగులు వేసి 2010 జనవరిలో విడుదల చేశారు. కె.వి.రెడ్డి గారు లేరు, అడిగేవాళ్ళు లేరు. నేనూ చూసి ఆనందించినవాణ్ణే. కానీ నలుపు-తెలుపు మాయాబజార్ కావాలంటే అదీ దొరికింది కాబట్టి పెద్ద పేచీ రాలేదు.

తేడా అంతా అక్కడే ఉంది. రిడ్లీ స్కాట్ బ్లేడ్ రన్నర్‌ని తోచినన్ని సార్లు మార్చాడు. 2007లో ఫైనల్ కట్ వచ్చినప్పుడు అయిదు వెర్షన్లూ కలిపి ఒకే పెట్టెలో అమ్మారు. అందులో మీ ఇష్టం వచ్చింది చూసుకోవచ్చు. స్పీల్‌బర్గ్ 2002లో ఇ.టి.లో పోలీసుల చేతుల్లో తుపాకులు తీసేసి వాకీటాకీలు పెట్టాడు. తర్వాత అలా చేసి ఉండాల్సింది కాదని పబ్లిగ్గా ఒప్పుకుని, 2012 బ్లూ-రేలో పాత సినిమానే ఇచ్చాడు. లూకస్ స్నేహితుడే ఆయన. కానీ ఆ బుద్ధి ఇటు అంటలేదు :) 2011 బ్లూ-రేలో లూకస్ ఇంకా ముందుకెళ్ళి, మూడో సినిమా పతాక సన్నివేశంలో మాటలేకుండా నిలబడి కొడుకుని కాపాడే డార్త్ వేడర్ చేత "నోఓఓ" అని అరిపించాడు. ఆ మౌనమే ఆ సీనుకి ప్రాణం. ముసుగు వెనకాల ఏం నడుస్తోందో మనం ఊహించుకునే చోట డైలాగు పెట్టారు.

ఇక అభిమానులు తిట్టుకుంటూ కూర్చోలేదు. చెక్ దేశంలో హార్మీ అనే మారుపేరుతో ఒకాయన బ్లూ-రే, డీవీడీ, ఇంకా దొరికిన ప్రతి మూలాన్నీ తెచ్చి, షాటు షాటుకీ కొత్త సరుకు తీసేసి పాతది అతికించి "డీస్పెషలైజ్డ్ ఎడిషన్" తయారుచేశాడు. ఇంకో బృందం 1977 నాటి 35 ఎంఎం ప్రింటు సంపాదించి, ఫ్రేము ఫ్రేమూ స్కాన్ చేసి 2018లో 4కే77 అని వదిలింది. అప్పటి మామూలు ప్రింట్లు ఏళ్ళు గడిచేకొద్దీ గులాబీ రంగుకి తిరిగిపోయాయి. రంగులు నేరుగా అద్ది తీసిన టెక్నికలర్ ప్రింట్లు మాత్రం వెలవలేదు. బ్యాకప్ లేని సిస్టమ్‌ని యూజర్ల దగ్గరున్న కాపీల నుంచి తిరిగి నిలబెట్టినట్టే. చట్టప్రకారం ఇది తప్పు పనే. అయినా హక్కులున్నవాళ్ళు చెయ్యాల్సిన భద్రపరిచే పని హక్కుల్లేనివాళ్ళు రాత్రిళ్ళు కూర్చుని చేశారన్నది నిజం.

2012లో డిస్నీ 405 కోట్ల డాలర్లకి లూకస్‌ఫిల్మ్ కొనేసింది. ఇంక పాతవి బయటికొస్తాయని జనం సంబరపడ్డారు. 2019 నవంబరులో డిస్నీ ప్లస్ మొదలైన రోజు అభిమానులు నేరుగా ఆ బారు సీనుకే వెళ్ళారు. అక్కడ కాల్చేముందు గ్రీడో "మక్లంకీ" అని ఏదో అరుస్తాడు! అదేంటో కింద సబ్‌టైటిల్ కూడా లేదు. 2004లోనే రెండు తుపాకులూ దాదాపు ఒకేసారి పేలేలా సర్దారు, 2011లో ఇంకాస్త కుదించారు, ఇది నాలుగో విడత.

ఆ తర్వాత 2025 జూన్ 12న లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తమ సినిమా రీళ్ళ పండగని 1977 నాటి టెక్నికలర్ ప్రింటుతో మొదలుపెట్టారు. లూకస్‌ఫిల్మ్ అధ్యక్షురాలిగా ఉన్న కాథ్లీన్ కెనడీ కూడా వచ్చారు. నలభై ఎనిమిదేళ్ళ నాటి రీలు, మీద గీతలు, "ఎపిసోడ్ 4" లేని అక్షరాలు. బారులో ఒక్క తుపాకే పేలింది.