న్యాయస్థానమునకిచ్చిన మాట

ఇల్లు ఖాళీ చేయుమని తీర్పైన పిదప అద్దెదారు పైకోర్టునకు వెళ్లి, అచ్చటను ఓడి, గడువు వేడుకొనినప్పుడు, నాలుగు వారములలో ప్రమాణపత్రము దాఖలు చేయుమని న్యాయమూర్తులు చెప్పుట పరిపాటి. ఫలానా తేదీకి స్వాధీనము చేయుదుననియు, ఆలోగా మరియొకరిని లోనికి రానీయననియు, అద్దె బకాయి ఉంచననియు అందులో వ్రాసియుండును. ఆ కాగితమును నమ్మి కోర్టు గడువిచ్చినది మొదలు, అందలి ప్రతి మాటకును కోర్టు ఆజ్ఞతో సమానమైన బలము కలుగును.

ఈ బలమునకు మూలము ఇంగ్లాండునందలి చాన్సరీ న్యాయస్థానము. మనుష్యుని అంతఃకరణమును శాసించుటయే తన పనియని భావించిన ఆ కోర్టు, ఆజ్ఞ మీరినవానిని లండనులోని ఫ్లీటు జైలునకు పంపి, లొంగువరకును అచ్చటనే ఉంచెడిది. ప్రతివాది తానై హామీ ఇచ్చినచో దానిని విశ్వసించి కోర్టు నిషేధాజ్ఞ జారీచేయుట మానుకొనును గనుక, ఆ హామీని మీరుట ఆజ్ఞను మీరుటయే యను సూత్రము ఆంగ్ల న్యాయశాస్త్రమున స్థిరపడెను.

మన దేశమున 1926 నాటి కోర్టు ధిక్కార చట్టము ఆరు నెలల సాధారణ కారాగారవాసమును, 2000 రూపాయల జరిమానాను శిక్షకు హద్దులుగా విధించెనే గాని, ధిక్కారమనగానేమో నిర్వచింపలేదు. 1952 నాటి చట్టమును నిర్వచింపలేదు. అప్పీలు హక్కు ఆ రెంటిలో దేనియందును లేదు. హైకోర్టు తన అధికారమునకు భంగము కలిగెనని తానే విచారించి, తానే శిక్షించుచుండగా, ఒక మనుష్యుని స్వేచ్ఛ మరియొక న్యాయమూర్తి పరిశీలనకు హక్కుగా నోచుకొనకుండుట ఘోరమైన లోపమని నా నిశ్చితాభిప్రాయము. 1963లో నివేదిక సమర్పించిన సన్యాల్ సంఘము అప్పీలు ఉండితీరవలెనని సిఫారసు చేసెను.

1971 చట్టము ఈ రెండు వెలితులను పూరించినది. కోర్టుకిచ్చిన హామీని బుద్ధిపూర్వకముగా ఉల్లంఘించుట సివిల్ ధిక్కారమని రెండవ సెక్షనులో స్పష్టముగా చెప్పి, పందొమ్మిదవ సెక్షనులో అప్పీలును హక్కుగా ప్రసాదించెను: ఏకన్యాయమూర్తి శిక్షించినచో 30 దినములలో డివిజను బెంచికి, బెంచి శిక్షించినచో 60 దినములలో సుప్రీంకోర్టునకు. అప్పీలు తేలువరకు శిక్షను నిలుపుదల చేయుటకును, జామీను ఇచ్చుటకును వీలు కలదు.

అయితే ప్రతి రాజీయు హామీ కాదు. 1979లో బాబూరాం గుప్తా కేసులో సుప్రీంకోర్టు, కక్షిదారులు తమలో తాము ఒప్పుకొనినంతమాత్రమున అది కోర్టుకిచ్చిన మాట కానేరదనియు, స్పష్టముగా హామీ ఇచ్చియుండవలెననియు తీర్పు చెప్పి శిక్షను రద్దుచేసెను. 1989లో థాణేలోని ఒక హోటలు విషయమున మాత్రము, హామీని మీరిన అద్దెదారునకు జరిమానా విధించుటతో ఆగక, ఆ ఆవరణ యజమానికి స్వాధీనమగునట్లు ఆదేశించినది. ధిక్కారమువలన పొందిన లాభమును ధిక్కారి చేతిలో మిగులనీయని ఈ తీర్పే నాకు మిక్కిలి న్యాయముగా తోచును.

1971 చట్టమిచ్చిన అప్పీలు ద్వారము శిక్షపడినవానికే తెరచుకొనును. ధిక్కారము జరుగలేదని హైకోర్టు పిటిషను కొట్టివేసినచో ఫిర్యాదికి పందొమ్మిదవ సెక్షను క్రింద అప్పీలు లేదని 1988లో తనేజా కేసు తేల్చెను. ధిక్కారము కోర్టునకును ధిక్కారికిని నడుమ వ్యవహారమన్న తర్కమిది. న్యాయమూర్తిని దూషించిన సందర్భమున దానిని నేనంగీకరింతును. తన ఇల్లు తనకు దక్కని యజమాని విషయమున అంగీకరింపలేను. అతడు 136వ అధికరణము క్రింద ప్రత్యేకానుమతి కోరవలసినదే, లేనిచో మరల క్రింది కోర్టుకు వచ్చి తీర్పు అమలు పిటిషను (ఈపీ) వేసికొనవలసినదే.