గోదావరి గట్టున వీపీఎన్

కోనసీమలోని పలివెల ఉమా కొప్పేశ్వరస్వామి గుడిలో పాత శాసనాలున్నాయి. ఒక్కో కాలం తన గుర్తు వదిలి వెళ్లింది. విండోస్ 10 డెస్క్‌టాప్‌లో వీపీఎన్ సెట్టింగ్ తెరిచి ‘వీపీఎన్ టైప్’ దగ్గర నొక్కితే, అక్కడా అలాంటి వరసే కనబడుతుంది.

అన్నిటికన్నా పాతది పీపీటీపీ. మైక్రోసాఫ్ట్‌లో గుర్‌దీప్ సింగ్ పాల్, మరికొందరు కలిసి 1996 ప్రాంతంలో తెచ్చారు. ఇంట్లో కూర్చుని ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి సామాన్యుడి కంప్యూటర్‌కు దానితో దొరికింది. 1998లోనే భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నైయర్ అందులోని లోపాలు బయటపెట్టాడు. అయినా ఆ పేరు పట్టీలోంచి పోలేదు! ఎల్2టీపీది 1999. 2008 నాటి ఎస్ఎస్‌టీపీ, మామూలు వెబ్‌సైట్లు వాడే 443 పోర్టులోంచే నడుస్తుంది కాబట్టి, మిగతావాటిని ఆపేసే నెట్‌వర్కుల్లోనూ తరచుగా దూరిపోతుంది. ఐకేఈవీ2 అయితే వైఫై పోయి ఫోన్ డేటా అందుకున్నా కనెక్షన్ తెగకుండా చూసుకోగలదు.

ఈ పట్టీతో కోనసీమకు పని పడింది 2020లో. అంతకుముందు బీపీఓ, ఐటీ సేవల కంపెనీలు ఉద్యోగుల్ని ఇంటినుంచి పనిచేయించాలంటే టెలికాం శాఖకు కోటి రూపాయల డిపాజిట్ కట్టాలి, లైసెన్సున్న టెలికాం సంస్థ ఇచ్చే వీపీఎన్నే వాడాలి. కరోనా వచ్చాక, 2020 మార్చి 13న, ఈ రెండూ సడలించారు. హైదరాబాద్, బెంగళూరు అద్దె గదులు ఖాళీ చేసి పిల్లలు ఊళ్లకొచ్చేశారు. కొబ్బరితోటల మధ్య ఇళ్లలో రాత్రి షిఫ్టులు మొదలయ్యాయి. కనెక్ట్ కాకపోతే సర్వర్ అడ్రసు సరిచూడటం, టైప్ మార్చి చూడటం, వీడియో మీటింగుల బరువు వీపీఎన్ అనే ఆఫీసు సొరంగం మీద పడకుండా విడగొట్టడం... ఇవన్నీ నెమ్మదిగా అలవాటయ్యాయి.

2022 మే 24న అమలాపురం తగలబడింది. కొత్త కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడంపై మొదలైన ఆందోళనలో అప్పటి మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి, అప్పటి ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికి నిప్పు పెట్టారు. మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. విడతలవారీగా తెరుచుకునేసరికి జూన్ వచ్చేసింది.

ఇక్కడో తేడా చెప్పాలి. 2020 జనవరిలో, నెట్ ఆపేసిన కశ్మీర్‌లో 2జీ తిరిగిచ్చి, అనుమతించిన సైట్లనే చూడనిచ్చారు. జనం వీపీఎన్‌తో ఆ గోడ దాటారు. నెట్ ఉంది, దానికి కంచె ఉంది కాబట్టి అది కుదిరింది. కోనసీమలో ఫోన్ డేటాయే లేదు. డేటా మీద ఆధారపడ్డ ఇంట్లో పట్టీలోని టైపులన్నీ తిరగేసినా సర్వర్ పలకదు. ఆ మే నెలలోనే దేశమంతా ఇంకో వీపీఎన్ చర్చ నడుస్తోంది. వీపీఎన్ కంపెనీలు వాడకందార్ల వివరాలు అయిదేళ్లు దాచాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఏప్రిల్ 28న ఆదేశించింది, జూన్ మొదట్లో ఎక్స్‌ప్రెస్ వీపీఎన్ మన దేశంలోని సర్వర్లు తీసేసింది. గోప్యత గురించి ఢిల్లీలో అంత వాదన జరుగుతుంటే, ఇక్కడ ఒక్క గీత సిగ్నల్ కోసం వెతుకులాట.

దొరికింది గోదావరి గట్టున. యానాం పుదుచ్చేరిది. ఆంధ్రప్రదేశ్ హోంశాఖ ఉత్తర్వు అక్కడి టవర్లకు వర్తించదు. ఆ సిగ్నల్ అందే చోట్ల, ఏటి ఒడ్డున, ల్యాప్‌టాప్‌లు ఒళ్లో పెట్టుకుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు పనిచేసుకున్నారు. కొందరు యానానికి, కాకినాడకు, రాజమండ్రికి వెళ్లిపోయారు. పలివెల నుంచైతే రావులపాలెం మీదుగా సిద్ధాంతం వంతెన ఎక్కి వశిష్ఠ దాటితే పశ్చిమగోదావరి జిల్లా వస్తుంది. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకే ఆ వెసులుబాటు. సీపీయూ, మానిటరు, యూపీఎస్ గట్టుకు మోసుకెళ్లేదెవరు?

జిల్లా పేరుకు జూన్ 24న మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అప్పటికి నెట్ వచ్చేసింది, వీపీఎన్ పాత సెట్టింగులతోనే కనెక్టయింది.