స్థిరాస్తి ఏజెంటు: కొత్త మదుపరి తెలుసుకోవలసినవి

స్థలం, ఫ్లాటు, పొలం కొనేవారినీ అమ్మేవారినీ కలిపి బేరం కుదిర్చి, అందుకు కమీషన్ తీసుకునే మధ్యవర్తిని స్థిరాస్తి ఏజెంటు అంటారు. తెలుగు రాష్ట్రాల్లో వాడుక మాట బ్రోకరే. కమీషన్ సాధారణంగా ధరలో ఒకటి రెండు శాతం. ఇరువైపుల నుంచీ తీసుకోవడమూ మామూలే.

బేరం తెగితేనే ఏజెంటుకు డబ్బు. కొన్నవారికి లాభం వచ్చిందా లేదా అన్నది అతని లెక్కలోకి రాదు. కాబట్టి ఏ వీధిలో గజం ఎంత పలుకుతోంది, ఏ అమ్మకందారుకు డబ్బు అవసరం ఎక్కువ వంటి సంగతులకు అతన్ని మించినవారు దొరకరు గానీ, పత్రాల విషయంలో అతని హామీకి విలువ తక్కువ.

కమీషన్ బయటికి కనిపించని పద్ధతులు కూడా ఉన్నాయి. అమ్మకందారు తన చేతికి రావలసిన మొత్తం చెప్పి, ఆపైన ఎంత వచ్చినా ఏజెంటే ఉంచుకోమంటాడు. కొందరు తామే కొద్దిపాటి బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించుకుంటారు, గడువులోగా ఎక్కువ ధరకు మరొకరిని వెతుకుతారు. అప్పుడు ఏజెంటు మధ్యవర్తి కాదు, అసలు బేరగాడే. యజమానిని నేరుగా కలవనివ్వకపోతే అనుమానించవలసింది దీన్నే.

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం ప్రకారం, ఆ చట్టం కింద నమోదైన ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంట్లు కూడా నమోదు చేయించుకోవాలి. నమోదు కావలసి ఉండీ కాని ప్రాజెక్టులో అమ్మకం కుదర్చకూడదు. ఉల్లంఘిస్తే రోజుకు 10,000 రూపాయల జరిమానా పడుతుంది, అది ఆస్తి విలువలో 5 శాతం దాకా పెరగవచ్చు. హైదరాబాదు చుట్టుపక్కల ‘ప్రీలాంచ్’ పేరుతో చవకగా చూపే ఫ్లాట్లలో అనేకం ఈ గీత దాటినవే. నమోదైన ప్రాజెక్టులో సైతం అగ్రిమెంటు రిజిస్టరు కాకముందు బిల్డరు 10 శాతానికి మించి తీసుకోరాదు.

పాత ఇళ్లు, విడి పొలాల క్రయవిక్రయాలకు ఈ రక్షణ దాదాపు లేనట్టే. అక్కడ ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (పాత యాజమాన్య పత్రాలు), నిషేధిత భూముల జాబితా కొనేవారే చూసుకోవాలి. వాటిని పరిశీలించే వకీలు ఏజెంటు తెచ్చినవాడై ఉండకూడదు. బయానాగా 20,000 రూపాయలు, అంతకు మించిన మొత్తం నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పదు. బ్యాంకు ద్వారా, అదీ యజమాని ఖాతాకే, చెల్లిస్తే ఏజెంటు ఎంత మార్జిన్ పెట్టాడో తెలిసిపోతుంది. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి. వారసుల తగాదాలు, రిజిస్టరు కాని అగ్రిమెంట్లు అందులో కనబడవు. వాటి సంగతి ఊళ్లో, సరిహద్దు రైతులను అడిగితేనే తెలుస్తుంది.