స్టీఫెన్ స్మిత్ రాకెట్ తపాలా, మన పిల్లవాని సీసా రాకెట్

ఈ దినం కొంచెం పొడుగ్గానే రాసినాను, ఓపికగా చదవండి. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నవాణ్ణి. తప్పులుంటే మన్నించండి.

పోయిన ఆదివారం మన సంఘం కూటంలో ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు సీసా రాకెట్ విడిచినాడు కదా, దాని గురించే ఈ మాట. కూల్‌డ్రింక్ సీసాలో మూడో వంతు నీళ్ళు పోసి, బిరడాలో సైకిల్ ట్యూబు వాల్వు దూర్చి, పంపుతో గాలి కొట్టినాడు. లోపల గాలి ఒత్తిడి ఎక్కువైనాక బిరడా ఊడుతుంది. నీళ్ళు కిందికి చిమ్మితే సీసా పైకి పోతుంది. మొదటిసారి టెంకాయ చెట్టు ఎత్తు పోయింది, అందరమూ చప్పట్లు కొట్టినాము. రెండోసారి పక్కకు తిరిగి భోజనాల పందిరి మీద పడింది. సాంబారు గంగాళంలో నీళ్ళు పడినాయి. వచ్చే సంవత్సరం నుంచి ఇట్లాంటివి వద్దని పెద్దలు నలుగురు గట్టిగా చెప్పినారు. నేను అక్కడ నోరు తెరవలేదు. ఆ మౌనం నాకు రెండు దినాలుగా నిద్ర పట్టనియ్యలేదు.

నేను రైల్వే పార్సెల్ ఆఫీసులో ఉన్నప్పుడు ఆర్‌ఎంఎస్ సార్టర్ ఒకాయన నాకు మంచి స్నేహితుడు. 1992లో ఆయన ఒక కొత్త స్టాంపు తెచ్చి చూపించినాడు. దాని మీద స్టీఫెన్ స్మిత్ అనే పేరుంది. "ఈయన ఎవరో తెలుసునా? ఉత్తరాలను రాకెట్లో పెట్టి పంపించినాడు" అన్నాడు. మెయిలు బండి, పోస్టు సంచి తప్ప వేరే తెలియని నాకు అది వేళాకోళంగా ఉండింది. ఆ తరువాత వెదికి వెదికి చదివినాను.

స్మిత్ 1891లో షిల్లాంగ్‌లో పుట్టిన ఆంగ్లో ఇండియన్. చదువు ఆసన్‌సోల్‌లో. ఆసన్‌సోల్ అంటే రైల్వే ఊరు, మన రైల్వే వాళ్ళకు చెప్పనక్కరలేదు. తరువాత కాపురం కలకత్తాలో. ఆయన ఇంజనీరు కాదు, సర్కారు సైంటిస్టు కాదు. విమాన తపాలా అంటే పిచ్చి. ఆ పిచ్చికి కారణం కూడా మన దేశంలోనే ఉంది. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుంచి నైనీకి హెన్రీ పెకే విమానంలో ఉత్తరాల మూట తీసుకపోయినాడు. ప్రపంచంలోనే మొదటి అధికారిక విమాన తపాలా అది. ఇక రాకెట్ విషయానికి వస్తే, 1931లో ఆస్ట్రియాలో ఫ్రీడ్రిష్ ష్మీడల్ అనే ఆయన కొండ మీద నుంచి కింది ఊరికి రాకెట్‌తో 102 ఉత్తరాలు పంపించినాడు. అట్లాంటిదే మన దేశంలో చేయాలని స్మిత్ పట్టు పట్టినాడు.

ఆయన రాకెట్లు మనం దీపావళికి విడిచే వాణం జాతివే. ఆంధ్రలో దాన్ని తారాజువ్వ అంటారు. కలకత్తా బాణసంచా కంపెనీ చేత పెద్దవిగా చేయించుకున్నాడు. గొట్టంలో నల్లమందు గట్టిగా దట్టించి, ముందు భాగంలో ఉత్తరాలకు చోటు పెట్టడం అనమాట. వినేదానికి సులువు. కాని దట్టించిన మందులో సన్నని చీలిక ఉన్నా నిప్పు ఆ చీలికలోకి దూరి మందంతా ఒకేసారి మండుతుంది, గొట్టం పగిలిపోతుంది. రెక్కో తోకో కొంచెం వంకర ఉంటే దారి తప్పుతుంది. బరువు ఎక్కువైతే నడి దారిలోనే కూలుతుంది.

1934 సెప్టెంబరు 30న మొదటి ప్రయోగం. ఓడ మీద నుంచి సాగర్ ద్వీపం లైట్‌హౌస్ వైపు 143 ఉత్తరాలతో రాకెట్ విడిచినాడు. అది గాలిలోనే పేలిపోయింది! ఉత్తరాలు చెల్లాచెదురైనాయి. ఎక్కువ భాగం ఏరుకుని తెచ్చినారు. దానికి రెండు నెలల ముందే స్కాట్లండ్‌లో గెర్హార్డ్ జుకర్ విడిచిన తపాలా రాకెట్ కూడా ఇట్లే పేలింది. ఇంక చాలు అని స్మిత్ ఇంటికి పోయి ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు.

ఆయన పోలేదు. 1935 ఏప్రిల్‌లో సిక్కిం పోయినాడు. కొండచరియ విరిగి పడితే దారి మూసుకపోయే సీమ అది. అక్కడి రాజు తాషీ నంగ్యాల్ ఆదరించినాడు. ఏటికి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఉత్తరాలు, పార్సెల్ దాటించి చూపించినాడు. మే 31న క్వెట్టాలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ తరువాత కొద్ది దినాలకే రూప్‌నారాయణ్ నది మీదుగా తిండి సామాను రాకెట్‌లో పంపించినాడు. జూన్ 29న దామోదర్ నది మీదుగా ఒక కోడిపుంజును, ఒక పెట్టను పంపినాడు. రెండూ ప్రాణాలతో దిగినాయి! వరదలో చిక్కిన ఊరికి మందు, అన్నం చేర్చాలన్నదే ఆయన ఆలోచన. 1944 దాకా పదేండ్లలో సుమారు 270 రాకెట్లు విడిచినాడు. వాటిలో కనీసం 80 ఉత్తరాలు మోసినవి.

ఖర్చుకు డబ్బు ఎక్కడిది అంటారా? రాకెట్‌లో పోయివచ్చిన కవర్లను స్టాంపులు సేకరించేవాళ్ళకు అమ్మేవాడు.

నిజం చెప్పాలి. రాకెట్ తపాలా నిలబడలేదు. 1959లో అమెరికా వాళ్ళు జలాంతర్గామి నుంచి క్షిపణిలో మూడు వేల ఉత్తరాలు పంపించి, అంతటితో వదిలేసినారు. ఆ పని విమానాలు, హెలికాప్టర్లు చేసినాయి. స్మిత్ 1951లో పోయినాడు. తుంబాలో 1963 నవంబరు 21న మొదటి రాకెట్ లేచింది ఆయన చూడలేదు. ఈ దినం చెన్నై నుంచి గూడూరు పోయే బండిలో సూళ్ళూరుపేట దాటేటప్పుడు శ్రీహరికోట దిక్కు చూసి మనం గర్వపడతాము. ఆ గర్వంలో స్మిత్ పేరు ఎవరికీ తలపుకు రాదు. ఆంగ్లో ఇండియన్లు మనలాగే చిన్న సమాజం. చిన్న సమాజం వాని పేరు ఆ సమాజమే తలుచుకోకపోతే ఇంకెవరు తలుస్తారు?

అయినా ఆయన కథ మిగిలిందంటే కారణం ఒకటే. ప్రయోగాలన్నీ డైరీలో రాసిపెట్టుకున్నాడు. పేలినవీ రాసినాడు.

కూటం అయినాక నేను ఆ పిల్లవాణ్ణి పక్కకు పిలిచి, రెండోసారి ఎందుకు తిరిగిందిరా అని అడిగినాను. వాడు ఏడుపు మింగుకుని, "తాతా, మొదటిసారి కింద పడినప్పుడు ఒక రెక్క వదులైంది. నేను చూసుకోలేదు" అన్నాడు. తప్పు ఎక్కడుందో వానికి తెలుసు. అడిగిన పెద్ద ఒక్కరూ లేరు, అంతే. ముందే నోరు తెరవని నేనూ ఆ పెద్దలలో ఒకణ్ణే.

కాబట్టి సంఘానికి నా వేడుకోలు. నిషేధం వద్దు, నియమం పెట్టండి. మందుగుండు ఎవరూ ముట్టకూడదు, నీళ్ళు గాలి మాత్రమే. పందిరి దగ్గర కాదు, ఖాళీ మైదానంలో. అందరూ 30 అడుగుల దూరంలో నిలబడాలి. విడిచేవాడు కళ్ళద్దాలు పెట్టుకోవాలి, పక్కన ఒక పెద్ద ఉండాలి. ప్రతిసారీ విడిచే ముందు రెక్కలు చూడాలి, విడిచినాక జరిగింది నోటుబుక్కులో రాయాలి. ఆ నోటుబుక్కు నేను కొనిస్తాను. తెలుగులో రాయమంటాను, అక్షరాలు కూడా నిలుస్తాయి.

సాంబారు మళ్ళీ కాచుకోవచ్చు. వాడు ఇంక రాకెట్ ముట్టనని అవ్వతో చెప్పినాడట. వాణ్ణి వచ్చే కూటానికి మనమే పిలవాలి. మీ అభిప్రాయం కింద రాయండి.