కోరంగి ఉప్పెనలు: తుపాను రాకను కనిపెట్టినవారు

గౌతమీ గోదావరి సముద్రమును చేరుటకు కొన్ని మైళ్ల యెగువ, దాని యెడమగట్టు నుండి ఆత్రేయ యను పాయ చీలి కోరంగి మీదుగా తూర్పు సముద్రమున కలియుచున్నది. ఆ చీలికయొద్ద యానాం పట్టణము గలదు. 1723లో ఫ్రెంచివారు అచట వర్తకస్థానము నెలకొల్పి, కొలదికాలమునకే విడిచి, 1731లో మరల వచ్చిరి. 1954లో భారతదేశమున చేరువరకు, నడుమ ఆంగ్లేయులు పలుమార్లు పట్టుకొన్న కాలము తప్ప, అది వారి యేలుబడిలోనే యుండెను. యానాం పరిధిలోని పల్లెలలో అడవిపొలము ఒకటి. పేరే చెప్పుచున్నట్లు అడవికిని పొలమునకును నడుమ నిలిచిన యూరది. ఒకవైపు వరిచేలు, కొబ్బరితోటలు. వేరొకవైపు నదీముఖమున మడయడవులు. సముద్రము కంటికి కానరాదు. కాని ఉప్పెన వచ్చినపుడు గోదావరి పాయలే సముద్రమునకు దారులగును.

ఈ తీరమునకు తుపానులు రెండు ఋతువులలో వచ్చును: వైశాఖ జ్యేష్ఠములలో నైరుతిగాలికి ముందు ఒకమారు, ఆశ్వయుజము మొదలు మార్గశిరము వరకు ఈశాన్యగాలితో మరియొకమారు. రెండవ కాలమే యెక్కువ భయంకరమైనది. కోతకు వచ్చిన సార్వా చేలమీదికి గాలివాన దిగుట తీరపు రైతునకు చలికాలపు దుఃస్వప్నము. అమెరికా తూర్పుతీరమునను చలికాలమున ఈశాన్యగాలి మోసికొనివచ్చు తుపానులు గలవు. అచట అవి వాననుగాక మంచును కురియును. 1888 మార్చిలో న్యూయార్కు నగరమును ముంచివేసిన మంచుతుపాను నాడు అధికారుల సూచన తప్పినందున ప్రజలు సిద్ధపడలేదు. ఆ తీరమున సుమారు 400 మంది మరణించిరి. ఒకచోట మంచు, వేరొకచోట ఉప్పెన. ఐనను రెంటిని గూర్చిన శాస్త్రము ఒక్కటే. ఆ శాస్త్రపు తొలిపుటలలో కోరంగి పేరు చేరియుండుట తెలుగువారు పెక్కుమంది యెరుగని సంగతి.

కోరంగి నేడు చిన్న గ్రామము. పదునెనిమిదవ, పందొమ్మిదవ శతాబ్దులలో అది పేరెన్నికగన్న రేవు. ఓడలు కట్టుటకును, చెడిన ఓడలను బాగుచేయుటకును ప్రసిద్ధి వహించినది. బర్మాకును మారిషసునకును పోయిన తెలుగువారిని అచటి జనులు ‘కోరంగీలు’ అని పిలుచుటకు ఈ రేవే కారణము. తాము ఏ జిల్లా నుండి పోయినను ఆ పేరు వారిని విడువలేదు.

వ్రాతలో నిలిచిన ఉప్పెనలలో మొదట చెప్పదగినది 1787 మే 20వ తేదీ నాటిది. దానిని గూర్చి పార్సన్ అను ఆంగ్లేయుడు అలెగ్జాండర్ డాల్రింపుల్ అను ప్రసిద్ధ భూగోళజ్ఞునకు లేఖ వ్రాసెను. కనుక ఇది కాలమునకు దగ్గరి సాక్ష్యము. ఈశాన్యపు గాలి బలిసిన పిదప సముద్రము భూమిమీదికి వచ్చినదనియు, జనులును పశువులును లెక్కకు మిక్కిలిగా నశించిరనియు దానివలన తెలియుచున్నది. రెండవది 1789 డిసెంబరునాటిది. దీని కథ మిక్కిలి ప్రసిద్ధము: పోటు సమయమున వాయవ్యపు గాలి నీటిని తీరమునకు నెట్టుచుండగా, ఒకదాని వెనుక నొకటిగా మూడు మహాతరంగములు వచ్చి, మొదటిదానితోనే కోరంగి మునిగి, మూడవదానితో సర్వము తుడుచుకొనిపోయినదని. ఐతే ఈ కథనము ఫావొరీత్ అను ఫ్రెంచి యుద్ధనౌక యధిపతి లాప్లాస్ గ్రంథమున నున్నది. ఆయన ఈ తీరమునకు వచ్చినది 1830 ప్రాంతమున. అనగా ఉప్పెన గడచిన నలువది యేండ్లకు శిథిలములను చూచి, స్థానికులు చెప్పినది విని వ్రాసినదే గాని కన్నులార చూచినది కాదు. అంతమాత్రమున అది అబద్ధమని త్రోసివేయరాదు. కాకినాడ అఖాతము ఉత్తరమునకు తెరచుకొన్నది. దాని దక్షిణపు కొసన కోరంగి తీరము. అట్టిచోట ఉత్తర, వాయవ్య వాయువులు నీటిని ఆ మూలకు కుప్పపోయుట ప్రకృతిసిద్ధమే. సామాన్యముగ వాయవ్యపు గాలి తూర్పుతీరమున నీటిని సముద్రములోనికి నెట్టును గదా యని శంకించువారికి ఈ భూస్వరూపమే సమాధానము. నేడు అఖాతమునకు అడ్డుగోడవలె నున్న హోప్ ద్వీపపు ఇసుకమేట గత రెండు శతాబ్దులలో పెరిగినది. నాటికి ఆ రక్షణ ఇంతగా లేదు.

మూడవది 1839 నవంబరు 25వ తేదీనాటి గాలివాన. శాస్త్రచరిత్రలో కోరంగికి స్థానము కల్పించినది ఇదియే.

అప్పటికి తుపాను స్వరూపమును గూర్చి పాశ్చాత్యదేశములలో విచారము సాగుచుండెను. 1743లో ఫిలడెల్ఫియాలో చంద్రగ్రహణమును చూడవలెనని కాచుకొనియున్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఈశాన్యపు గాలివాన మూలమున చూడలేకపోయెను. కాని ఈశాన్యముననే యున్న బోస్టనులో ఆయన సోదరుడు గ్రహణమును చూచెను. గాలివాన అచటికి పిమ్మట చేరినది. గాలి వచ్చు దిక్కు వేరు, తుపాను వచ్చు దిక్కు వేరు అని ఇట్లు తేలెను. 1821లో కనెక్టికట్ ప్రాంతమున ఒక తుపాను గడచిన తరువాత రెడ్‌ఫీల్డ్ అను జీనులు కుట్టు వృత్తివాడు కూలిన చెట్లను పరిశీలించి, అవి ఒకచోట ఒక దిక్కునకు, వేరొకచోట దానికి ఎదురు దిక్కునకు పడియుండుట గమనించెను. తుపాను సుడిగాలియే యని ఆయన 1831లో ప్రకటించెను. రీడ్ అను సైనికోద్యోగి 1838లో దీనినే విస్తరించి గ్రంథము వ్రాసెను. వీరిలో ఎవరును వృత్తిచేత వాతావరణశాస్త్రజ్ఞులు కారు. నాటికి ఆ వృత్తియే లేదు.

రీడ్ గ్రంథమును కలకత్తాలో చదివినవాడు హెన్రీ పిడింగ్‌టన్. ఆయన పూర్వము ఓడ యధిపతి. బంగాళాఖాతమున తుపానుపాలైన ఓడల దినచర్యాపుస్తకములను సేకరించి, ఏ గంటకు ఏ ఓడ ఎక్కడనున్నది, గాలి ఏ దిక్కున వీచినది, భారమితి ఎంత దిగినది అను వివరములను పటముమీద గుర్తించుట ఆయన పద్ధతి. ఆసియాటిక్ సంఘపు పత్రికలో ఆయన ప్రకటించిన వ్యాసపరంపరలో 1839 నవంబరు కోరంగి తుపానును గూర్చినది తొలివాటిలో నొకటి. 1848లో నావికులకై వ్రాసిన గ్రంథమున ఆయన ‘సైక్లోన్’ అను పదమును కల్పించెను; పాము చుట్టను సూచించు గ్రీకు శబ్దము దానికి మూలము. నేడు ప్రపంచమంతయు పలుకు ఈ పదమునకు వెనుక కోరంగి ఉప్పెనల పరిశీలనమును గలదు. పిడింగ్‌టన్ 1853లో గవర్నరు జనరలునకు లేఖ వ్రాసి, మాత్లా నదిపై క్రొత్త రేవును కట్టుట ప్రమాదకరమనియు, ఉప్పెన దానిని ముంచుననియు హెచ్చరించెను. ఎవరును చెవినిడలేదు. ఆయన 1858లో మరణించెను; 1867లో ఆ రేవు ఉప్పెనకు పాడయ్యెను.

1839 నాటి నష్టమును గూర్చి నేడు పుస్తకములలో వాడుకయైన యంకెలను విచారింపవలసియున్నది. నలువది యడుగుల తరంగము, ఇరువదివేల నౌకలు, మూడు లక్షల మరణములు అని వ్రాయుచున్నారు. నాటి రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821లో సుమారు 7 లక్షల 38 వేలు, 1841లో సుమారు 5 లక్షల 61 వేలు. ఇరువది సంవత్సరములలో తగ్గినది మొత్తము ఒక లక్షా డెబ్బదియేడు వేలు. ఆ తగ్గుదలలో 1832 నాటి గాలివాన, 1833 నాటి మహాక్షామము, బ్రతుకుతెరువునకై పొరుగుసీమలకు తరలిపోయినవారు, అందరును కలిసియున్నారు. ఇక ఒక్కరాత్రిలో మూడు లక్షలమంది మరణించిరనుట యెట్లు పొసగును? అట్లే ఇరువదివేల నౌకలు ఒక రేవున నిలుచుట నమ్మదగినది కాదు. పైగా 1787, 1789 ఉప్పెనలకును మృతులు ఇరువదివేల మందియే యని చెప్పుదురు. మూడు వేర్వేరు సంఘటనములకు ఒకే యంకె అంటుకొనుట చూడగా, అది ఒక కథనుండి మరియొక కథకు ప్రాకినదనియే తోచును. ఇట్లనుట మృతుల దుఃఖమును తగ్గించుటకు కాదు. ఊహాసంఖ్య ఎంత పెద్దదైనను, ఊరూరి లెక్క లేని లోటును అది తీర్పజాలదు. మునిగిన ఓడల పేర్లు పిడింగ్‌టన్ వంటి వారి వ్రాతలలో దొరకును. ఒడ్డుననున్న అడవిపొలము వంటి పల్లెలలో ఎవరు పోయిరో, ఎవరు మిగిలిరో చెప్పు కాగితము లేదు. నావికునకు వ్రాయుట వృత్తిధర్మము. పల్లెకారునకు ఆ భాగ్యము లేకపోయెను.

తెలుగువారిలోను ఆకసమును కనిపెట్టిన వారుండిరి. పంచాంగమున మేఘాధిపతిని, వర్షపు ఆఢకములను ఏటేట చెప్పుట మన యాచారము. వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘములు గర్భము ధరించిన 195 దినములకు వర్షించునని చెప్పి, దినదినమును ఆకసమును చూచి గుర్తుంచుకొనవలెనని విధించెను. ఆ విధి పంచాంగశ్రవణముగా మాత్రమే మిగిలినది. చూచుట పోయి చదువుట నిలిచినది. మరల చూచుట మొదలిడినవాడు గోడే వెంకటజగ్గారావు. 1817లో జన్మించిన ఈ జమీందారు మద్రాసు నక్షత్రశాలలో టి. జి. టేలరునొద్ద శిష్యరికము చేసి, 1840లో విశాఖపట్టణమున తన యింట సొంతధనముతో వేధశాలను నెలకొల్పెను. 1856లో ఆయన మరణించిన కొంతకాలమునకు అల్లుడు అంకితము వెంకటనరసింగరావు దానిని చేపట్టి, 1892లో తాను గతించువరకు నడపెను. గ్రహణములను, శుక్రసంక్రమణమును చూచుట ఆయనకు ప్రీతి. దానితోబాటు ఉష్ణము, వాయుభారము, గాలి, వర్షము ప్రతిదినము కొలిచి వ్రాయించెను. తారల పరిశీలనమునకు కీర్తి వచ్చును, వాన కొలత వ్రాసినందుకు ఎవరును మెచ్చరు. ఐనను తీరమునకు పనికివచ్చినది రెండవదే.

ప్రభుత్వమునకు ఈ యవసరము తెలియుటకు మరి రెండు ఉత్పాతములు కావలసివచ్చెను. 1864 అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న బందరును తుపానులు కొట్టెను. బందరులో సముద్రము 13 అడుగుల యెత్తున వచ్చి సుమారు 30 వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. 1865లో కలకత్తా రేవునకు తుపాను సూచనల యేర్పాటు, 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడినవి. క్రమముగా రేవులన్నిటను ప్రమాదసూచికలు ఎగురవేయు పద్ధతి వచ్చెను. ‘కాకినాడలో పదవ నెంబరు ఎగురవేసినారట’ అను మాట గోదావరి సీమలో చదువురానివారికిని అర్థమగును.

యంత్రములు లేనివానికిని ఒక సూత్రము పనికివచ్చును. 1857లో డచ్చి శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ చెప్పినది అది: గాలికి వీపు చూపి నిలిచినచో, భూగోళపు ఉత్తరార్ధమున, అల్పపీడనము ఎడమచేతి వైపున నుండును. అడవిపొలములో ఈశాన్యపు గాలి వీచినపుడు వీపు దానికి పెట్టి నిలుచువాని యెడమచేయి ఆగ్నేయమును చూపును; సుడి అచట నున్నదన్నమాట. పిదప గాలి ఉత్తరమునకు, వాయవ్యమునకు మళ్లినచో సుడి ఉత్తరముగా తీరము దాటుచున్నది. తూర్పునకు, ఆగ్నేయమునకు మళ్లినచో సుడి దక్షిణముగా దాటుచున్నది. గాలి సముద్రమును నేలమీదికి త్రోయును. ఇదియే ప్రాణాపాయము. గాలికి ముందే సుదూరమునుండి సాగివచ్చు దీర్ఘమైన అలలను చూచి తుపానును పసిగట్టుట పల్లెకారులకు తరతరాల విద్య.

ఐనను 1996లో ఆ విద్యయు చాలలేదు. నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణముగా సుమారు 50 కిలోమీటర్ల వద్ద తీరము దాటిన తుపాను తీరమునకు దాపుననే త్వరత్వరగా బలిసినది. సుడి యానాంకు దక్షిణముగా పోయినందున ఈ ప్రాంతము ప్రమాదపు ప్రక్కన పడెను. యానామును కోనసీమను కొబ్బరితోటలు నేలకొరిగెను. వెయ్యిమందికి పైగా మరణించిరి. వేటకు పోయిన మత్స్యకారులు వందలకొలది తిరిగిరాలేదు. విశాఖలో 1970 నుండియే తుపానులను కనిపెట్టు రాడారు పనిచేయుచుండెను, ఆకసమున ఉపగ్రహములుండెను. సూచన రేవునకు చేరినది. అప్పటికే నడిసముద్రముననున్న పడవకు దానిని వినిపించు సాధనము లేకపోయెను. 1839లో ఓడల వ్రాతలు మిగిలి ఒడ్డువారి లెక్క పోయినది. 1996లో ఒడ్డున వార్త నిలిచి పడవలకు అందలేదు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురము ప్రాంతమున తీరము దాటెను. దానికి కొన్ని దినముల ముందునుండియే తీరపు యువకులు చేతిలోని ఫోనులలో ఉపగ్రహచిత్రములను చూచి, గాలి మళ్లుటను తెలుగులో ఒకరికొకరు చెప్పుకొనుచుండిరి. వేటను ముందే ఆపించిరి. పడవలు ఒడ్డుననే కట్టియుండెను. 1996తో పోల్చినచో ప్రాణనష్టము స్వల్పము.