జిలాంగ్ మంచు యంత్రం, చల్లని ఓడలు

మెల్‌బోర్న్‌కు నైరుతి దిక్కున దాదాపు 75 కిలోమీటర్ల దూరంలో, ఉత్తరాన కోరియో అఖాతానికీ దక్షిణాన బార్వన్ నదికీ నడుమ ఉన్న జిలాంగ్, వాడవురుంగ్ ఆదివాసుల నేల మీద 1830ల చివర్లో వెలసిన వలస రేవు. పశ్చిమ విక్టోరియా పచ్చిక బయళ్లలో కత్తిరించిన ఉన్నిని లండన్‌కు ఎత్తే ఊరుగా అది పేరు తెచ్చుకుంది. ఉన్ని నెలల తరబడి ఓడ అడుగున పడి ఉన్నా చెడదు గనుక గొర్రెల పెంపకందారులకు చిక్కు వచ్చింది ఉన్నితో కాదు, గొర్రెతో. 1840ల్లో ధరలు కుప్పకూలినప్పుడు ఆస్ట్రేలియా వలసల్లో మందలకు మందలను వధించి, పెద్ద బానల్లో ఉడకబెట్టి, సబ్బుకూ కొవ్వొత్తులకూ పనికివచ్చే కొవ్వును మాత్రం పీపాల్లో నింపి ఎగుమతి చేశారు. తినదగిన మాంసం చాలావరకు వృథా అయింది. అదే కాలంలో బ్రిటన్ పారిశ్రామిక పట్టణాల్లో మాంసం కూలివాడికి అందని సరుకుగా ఉండేది. 1868లో మెల్‌బోర్న్ దగ్గర మారిబిర్నాంగ్‌లో మొదలైన కర్మాగారం వంటివి మాంసాన్ని ఉడికించి డబ్బాల్లో పంపి ఈ రెండు కొసలనూ కొంతవరకు కలిపాయి గానీ, డబ్బా మాంసం పచ్చి మాంసానికి సాటి రాలేదు.

జిలాంగ్‌కు ఈ కథలో చోటు కల్పించినవాడు జేమ్స్ హారిసన్. స్కాట్లాండ్‌లో 1816లో పుట్టి, అచ్చు పని నేర్చి, 1837లో సిడ్నీ చేరిన ఇతడు, జాన్ పాస్కో ఫాక్నర్ 1840లో స్థాపించిన ‘జిలాంగ్ అడ్వర్టైజర్’ పత్రికకు సంపాదకుడై, తర్వాత దాని యజమాని కూడా అయ్యాడు. అచ్చు అక్షరాలకు అంటిన సిరాను ఈథర్‌తో కడుగుతున్నప్పుడు, ఆ ద్రవం ఆవిరైపోతూ లోహాన్ని చల్లబరచడం గమనించి శీతలీకరణ వైపు మళ్లాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఈ కథ నిజమైనా కాకపోయినా, ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని గుంజుకుంటుందన్న సూత్రం అప్పటికే శాస్త్రజ్ఞులకు తెలిసినదే. దాని మీద నడిచే యంత్రానికి జేకబ్ పెర్కిన్స్ 1834లోనే లండన్‌లో పేటెంటు పొందాడు కూడా. హారిసన్ గొప్పతనం ఆ సూత్రాన్ని కనిపెట్టడంలో లేదు, దానిని రోజూ పనిచేసి టన్నుల లెక్కన మంచు పోసే కర్మాగార యంత్రంగా మలచడంలో ఉంది. ఊరివారి పొగడ్తల్లో ఈ తేడా తరచు చెరిగిపోతుంది.

1850ల తొలి సంవత్సరాల్లో బార్వన్ ఒడ్డున రాకీ పాయింట్ వద్ద అతడు ప్రయోగాలు సాగించాడు. ఆవిరి ఇంజను తిప్పే పంపు ఈథర్ ఆవిరిని గట్టిగా అదిమి చుట్టల గొట్టంలోకి నెడుతుంది. బయట పారే నీటి వల్ల ఆ ఆవిరి వేడిని వదిలి మళ్లీ ద్రవమవుతుంది. ఆ ద్రవాన్ని పీడనం తక్కువగా ఉన్న గొట్టాల్లోకి వదిలితే అక్కడ చప్పున ఆవిరవుతూ చుట్టూ ఉన్న ఉప్పునీటిని సున్నా డిగ్రీల కంటే కిందికి చల్లబరుస్తుంది. ఉప్పునీరు అంత చలికి కూడా గడ్డకట్టదు గనుక దానిలో దించిన పాత్రల్లోని మంచినీరు మాత్రం ఐసు దిమ్మెగా మారుతుంది. అయిదు మీటర్ల వ్యాసమున్న చక్రంతో తిరిగిన అతడి యంత్రం రోజుకు 3,000 కిలోల ఐసు ఇచ్చేది. 1855లో విక్టోరియాలో, 1856లో బ్రిటన్‌లో పేటెంట్లు పొందిన తర్వాత, లండన్‌లో డేనియల్ సీబే కర్మాగారం అతడి నమూనా ప్రకారం యంత్రాలు తయారు చేసింది. మెల్‌బోర్న్ ఫ్రాంక్లిన్ వీధిలో 1859లో అతడి ‘విక్టోరియా ఐస్ వర్క్స్’ మొదలైంది. అప్పటికి ప్రపంచంలో వేడి దేశాలకు అందే ఐసు అమెరికా చెరువుల మీద శీతకాలంలో రంపాలతో కోసి, రంపపు పొట్టు కప్పి ఓడల్లో తెచ్చినదే. మద్రాసు సముద్రతీరాన నేటికీ ఐస్ హౌస్ అని పిలిచే భవనం ఆ బోస్టన్ ఐసు నిలవ కోసం 1842లో కట్టినదే. సిడ్నీకి కూడా 1839లో అలాంటి సరుకు దిగింది. యంత్రం పోసిన ఐసు దానితో పోటీపడవలసి వచ్చింది. 1861 నాటికి హారిసన్ దివాలా తీశాడు.

ఊరి చరిత్రలు ఇక్కడి నుంచి కొంచెం తొందరపడి 1893 నాటి అతడి మరణానికి చేరుకుంటాయి. మధ్యలో 1873 జూలై ఉంది. ఆ సంవత్సరం మెల్‌బోర్న్ ప్రదర్శనలో, నెలల తరబడి గడ్డకట్టించిన మాంసం తినడానికి పూర్తిగా పనికివస్తుందని నిరూపించి బంగారు పతకం పొందిన హారిసన్, ‘నార్ఫోక్’ అనే తెరచాప ఓడలో గొడ్డు మాంసం, గొర్రె మాంసం సర్ది లండన్‌కు పంపాడు. ఓడలో యంత్రం లేదు. ఒడ్డున గడ్డకట్టించిన మాంసాన్ని వేడి చొరని గదిలో పెట్టి, ఐసు, ఉప్పు కలిపిన మిశ్రమంతో చల్లదనం నిలిపే ఏర్పాటు మాత్రమే చేశారు. భూమధ్యరేఖను దాటే ఆ సుదీర్ఘ ప్రయాణంలో ఐసు అనుకున్నదానికంటే త్వరగా కరిగిపోయింది, మాంసం చెడిపోయింది. చలిని పుట్టించే యంత్రాన్ని మార్కెట్టులోకి తెచ్చిన మనిషే, దానిని ఒడ్డున వదిలి చలిని మూటగట్టి పంపడం ఈ కథలోని అసలు వైపరీత్యం. తెరచాప ఓడలో కంప్రెసర్ నడపాలంటే బాయిలరూ బొగ్గూ అదనంగా మోయాలి గనుక ఆ నిర్ణయానికి కారణం లేకపోలేదు. అయితే 1882లో న్యూజీలాండ్ నుంచి వెళ్లిన ‘డునెడిన్’ తెరచాప ఓడే అయినా బాయిలరును మోసుకుపోయి, మాంసాన్ని లండన్‌లో భద్రంగా దించింది.

సిడ్నీలో థామస్ సట్‌క్లిఫ్ మోర్ట్, ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ నికోల్ కలిసి చేసిన ప్రయత్నం మరో రకంగా బెడిసింది. 1876లో ‘నార్తమ్’ ఓడలో అమర్చిన యంత్రంలో లోపం తలెత్తి, ఓడ వారి మాంసం లేకుండానే వెళ్లింది. మోర్ట్ 1878 మే 9న ఫలితం చూడకుండానే కన్నుమూశాడు. 1879 చివర్లో సిడ్నీ, మెల్‌బోర్న్‌ల నుంచి దాదాపు 40 టన్నుల మాంసంతో బయలుదేరిన ‘స్ట్రాత్‌లెవెన్’ ఆవిరి ఓడ 1880 ఫిబ్రవరిలో లండన్ చేరినప్పుడు సరుకు చెక్కుచెదరలేదు. దానిలోని బెల్–కోల్‌మన్ యంత్రం ఈథర్‌నూ అమ్మోనియానూ వాడదు. గాలినే అదిమి, సముద్రపు నీటితో చల్లార్చి, ఒక్కసారిగా వ్యాకోచించనిస్తుంది. అలా అతిశీతలమైన గాలి గదిలోకి వీస్తుంది. ఇంధనం ఎక్కువ తిన్నా, నడిసముద్రంలో మంటకూ విషవాయువుకూ భయం లేకపోవడం ఆ యంత్రానికి కలిసివచ్చింది.

తర్వాతి తొంభై ఏళ్లు ఓడే చల్లని గది. 1969లో ఆస్ట్రేలియా–ఐరోపా కంటైనరు ఓడలు మొదలైనప్పుడు కూడా చలి ఓడదే: ఉష్ణరోధక పెట్టెకు ఒక చివర రెండు గుండ్రని రంధ్రాలుండేవి, ఓడలోని గొట్టాల నుంచి చల్లగాలి ఒకదానిలో దూరి రెండోదానిలో బయటికి వచ్చేది. సొంత యంత్రమున్న నేటి రీఫర్ కంటైనరుకు కరెంటు ప్లగ్గు చాలు. నేల మీది అల్యూమినియం గాడుల గుండా చల్లగాలి పారి, సరుకు సందుల్లోంచి పైకి లేచి, కప్పు కింద నుంచి యంత్రానికి తిరిగి చేరుతుంది. అందుకే లోపలి గోడ మీది ఎర్రగీత దాటి పెట్టెలు పేర్చకూడదు. సామాన్యులు అనుకునేట్టు ఈ పెట్టె సరుకును గడ్డకట్టించదు, గడ్డకట్టి వచ్చినదాన్ని మైనస్ 18 డిగ్రీల వద్ద అలా నిలిపి ఉంచుతుంది. ఒడ్డున గడ్డకట్టించి ఓడలో నిలపాలన్న హారిసన్ ఆలోచన ఆ మేరకు సరైనదే. లేనిది నిలిపే యంత్రం ఒక్కటే. గాలి తీసిన సంచుల్లో మైనస్ ఒక డిగ్రీ దగ్గర ఉంచిన గొడ్డు మాంసమైతే గడ్డకట్టకుండానే నాలుగు నెలల దాకా నిలుస్తుంది.

బార్వన్ మీది ఒక వంతెనకూ, ఆస్ట్రేలియా శీతలీకరణ ఇంజనీర్ల సంస్థ ఇచ్చే అత్యున్నత పతకానికీ హారిసన్ పేరు పెట్టారు. జిలాంగ్ రేవు మాత్రం ధాన్యం, చమురు, చెక్కపేళ్లు వంటి విడి సరుకులకు పరిమితమైంది. కొలాక్, వార్నంబూల్ కబేళాల మాంసం లారీల్లో ఊరి చుట్టు రహదారి మీదుగా మెల్‌బోర్న్ రేవుకు వెళ్తుంది. 2022 డిసెంబరు 29న అమలులోకి వచ్చిన వాణిజ్య ఒప్పందంతో భారతదేశం ఆస్ట్రేలియా గొర్రె మాంసంపై 30 శాతం సుంకాన్ని ఎత్తివేయడంతో ఆ సరుకుకు మన వైపు కూడా దారి తెరుచుకుంది. ఎదురుదారిన వచ్చే రీఫర్ కంటైనర్లలో కోసి గడ్డకట్టించిన ములక్కాడ ముక్కలు, దొండకాయలు, కొబ్బరి కోరు దిగి ఆస్ట్రేలియాలోని భారతీయ దుకాణాల ఫ్రీజర్లకు చేరుతున్నాయి.