పులి దూకాలంటే వెనక తావుండాల

మొన్న లంచ్ టైములో ఒక కుర్ర కొలీగు వార్‌హామర్ బొమ్మలు తెచ్చి టేబుల్ మీద పరిచాడు. టేపుతో దూరం కొలవడం, రెండు పాచికలు వెయ్యడం, పడిన అంకె సరిపోతే శత్రువు మీదకి దూకడం. దాన్ని ఛార్జ్ అంటారట. ఆ రూల్సు చూశాక మా ప్రాజెక్టు రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటే నయమనిపించింది :)

"మీ వైపు ఇలాంటి ఆటలున్నాయా?" అన్నాడు. ఎందుకు లేవు? అనంతపురం జిల్లాలో మా ఊరి రచ్చబండ రాతి మీదే చెక్కి ఉంది, పులిజూదం. 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసే 23 చోట్లు. పాచికల్లేవు, టేపు లేదు. మేక పులిని చంపలేదు, దారులన్నీ మూసి కట్టెయ్యాలంతే. పులి మాత్రం పక్కనున్న మేక మీదుగా దూకి చంపుతుంది. కానీ ఒక షరతు: అదే గీతలో మేక వెనక చోటు ఖాళీగా ఉండాలి. ఒక్క ఇఫ్ కండిషన్, అంతే!

చిన్నప్పుడు నేను మేకల్ని తలో మూలా పెట్టి ఓడిపోయేవాణ్ణి. మా జేజినాయన నవ్వి, "మేక సచ్చేది పులి బలంతో కాదురా, వెనక తావు ఖాళీ ఇడిసినందుకు" అనేవాడు.

ఈ మాట యుద్ధాలాటల చరిత్రకీ సరిపోతుంది. 1824లో ప్రష్యా అధికారి రైస్‌విట్స్ సైనికుల శిక్షణకి మ్యాపు మీద ఆడే యుద్ధాన్ని తయారుచేసినప్పుడు, నష్టాలు పాచికలతో తేల్చాడు. 1913లో హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్'లో ముఖాముఖి పోరుకి పాచికలు పెట్టలేదు. చేరువైన బొమ్మలు ఒకటికి ఒకటి చొప్పున చస్తాయి. దగ్గర్లో సొంతవాళ్ల అండ లేక ఒంటరిగా చిక్కిన దండులోంచి మాత్రం ఖైదీలు పోతారు. అంటే వెల్స్ కూడా జేజినాయన రూలే రాశాడన్నమాట!

నిజం యుద్ధంలో? 1520లో రాయచూరు దగ్గర ఆదిల్‌షా ఫిరంగుల దెబ్బకి విజయనగరం ముందు వరుస చెదిరిపోయిందని పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాశాడు. అయినా కృష్ణదేవరాయలు ఓడలేదు. వెనక దళాలు ఉన్నాయి, వాటితో మీదపడి ఆదిల్‌షా సైన్యాన్ని కృష్ణానది దాకా తరిమాడు. వెనక తావు ఖాళీగా లేదు మరి.

ఆటలో పాచికలు పెడితే ఓటమికి అదృష్టాన్ని తిట్టుకోవచ్చు. పులిజూదంలో ఆ వీలు లేదు. ఏ మేక చచ్చినా, దాని వెనక ఎవరుండాల్సింది అన్న ప్రశ్న మిగులుతుంది.

మా ఊళ్లో ఒంటెద్దున్నోళ్లు పక్కింటి ఎద్దుతో జత కట్టి వేరుశనగ విత్తేవాళ్లు. కరువొచ్చి పక్కింటోళ్లు ఎద్దునమ్ముకుని బెంగళూరు పోతే వీళ్ల సేద్యమూ ఆగిపోయేది. కరువు ఇద్దరికీ ఒకటే, కానీ ఉన్నోళ్లని పడగొట్టింది మాత్రం ఆ ఖాళీ.

మా కొలీగుకి ఆట నేర్పాను కానీ ఈ సంగతి చెప్పలేదు. అలా ఎద్దునమ్మి వచ్చేసిన పక్కింటోళ్లం మేమే.